సమాధానం: ఒకే ఉత్తరం మీద రెండు సంవత్సరాలు ఎందుకు?

మీ అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకు తీసుకున్న బోస్టన్ ఉత్తరం మీద ‘ఫిబ్రవరి 10, 1721/22’ అని ఉంది, ఏ సంవత్సరం వేయాలి అని అడిగారు కదండీ. 1722 వేసేయండి, టెన్షన్ అక్కర్లేదు.

అప్పట్లో బ్రిటిష్ వలసల్లో చట్టప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కానీ జనవరి 1 నుంచి లెక్కేసేవాళ్లూ చాలామందే. గొడవెందుకని జనవరి 1 నుంచి మార్చి 24 దాకా తేదీల్లో రెండూ వేసేవారు. జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజు కూడా వాళ్ల ఇంటి బైబిల్లో 1731/2 ఫిబ్రవరి 11 అనే ఉంటుంది. 1752లో క్యాలెండర్‌నే మార్చేశారు, సెప్టెంబర్ 2 తర్వాత ఏకంగా 14కి దూకారు. ఆయన పుట్టినరోజు ఫిబ్రవరి 22 అయింది అలాగే. మీరు మాత్రం ఆ 11 రోజులు కలపకండి. ఉత్తరంలోని తేదీనే ఉంచి, పక్కన ‘పాత లెక్క’ అని రాస్తే చాలు.

అసలు చిక్కు ఒకే సంవత్సరం వేసినప్పుడే. ఉత్త ‘ఫిబ్రవరి 1721’ అంటే మన లెక్కలో 1722 కావచ్చు. ముందువెనక ఉత్తరాలు చూసి తేల్చుకోవాలి. పెన్సిల్వేనియా క్వేకర్ల (ఒక క్రైస్తవ శాఖవాళ్ల) కాగితాలు దొరికితే ఇంకా జాగ్రత్త. వాళ్లు నెలకు పేరు రాయరు, అంకె వేస్తారు. 1752కి ముందు వాళ్ల ‘12వ నెల’ డిసెంబర్ కాదు, ఫిబ్రవరి!