అమ్మానాన్నల్ని మెక్సికన్ తిండికి తీసుకెళ్తున్న పావనికి

పావనీ,

మొదటి జీతం రాగానే అమ్మానాన్నల్ని నిజామాబాద్ నుంచి పిలిపించి, మాదాపూర్‌లో మెక్సికన్ తిండి తినిపిస్తానన్నావట. నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్తుంటే ఎంత మురిసిపోయాడో! మా పిల్లలతో ఆ కౌంటర్ల దగ్గరికి నేను చాలాసార్లు వెళ్ళాను కాబట్టి రాస్తున్నాను. అక్కడ ఏం తింటామన్నది సగం మన నోట్లోనే ఉంటుంది. గిన్నెలో ఏమేం వేయాలో అడిగి వేయించుకునే పద్ధతి కదా, నువ్వు గట్టిగా చెప్పకపోతే వాళ్ళకి అలవాటైనట్టు వేసేస్తారు.

పన్నెండు గంటలకల్లా వెళ్ళండి. ఒంటిగంట దాటితే ఆఫీసుల వాళ్ళ క్యూ మొదలవుతుంది. వెనక జనం నిలబడితే టెన్షన్‌లో అన్నిటికీ ‘సరే’ అనేస్తాం. పైగా షుగర్ ఉన్న మీ నాన్నని ఆకలితో కూర్చోబెట్టడం మంచిది కాదు. ముందు వాళ్ళిద్దరినీ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, మెనూ బోర్డు నువ్వు నింపాదిగా చదువుకో. పెద్ద చైన్ హోటళ్ళు మెనూలో కేలరీలు కూడా వేయాలి, అవీ చూడు.

మీ నాన్నకి బరిటో వద్దు. అది పెద్ద మైదా రొట్టె, దాని లోపల మళ్ళీ అన్నం. రొట్టె లేకుండా అదే సరుకు గిన్నెలో వేయించి బౌల్ చేయించు. అన్నం సగమే వేయమని, రాజ్మానో నల్ల బీన్స్‌నో ఎక్కువ వేయమని, పైన ఆకుకూర దండిగా పెట్టమని అడుగు. కూల్‌డ్రింక్‌తో కలిపి అమ్మే కాంబో తీసుకోకు, మంచినీళ్ళు చాలు.

అమ్మ విషయంలో ఇంకాస్త జాగ్రత్త. శనివారం ఆవిడ నీచు ముట్టదు కాబట్టి ఆదివారం పెట్టుకుంటే నయం. శనివారమే కుదిరితే మాత్రం ఆర్డర్ చెప్పే ముందే గ్లవ్స్ మార్చమని అడుగు. చికెన్ తీసిన గరిటెతో పనీర్ తీయొద్దని కూడా చెప్పు. ఇందులో మొహమాటం ఏమీ లేదు, అడిగితే మారుస్తారు. ఆవిడ ఎదురుగా నిలబడి చూస్తేనే మనసు కుదుటపడి తింటుంది.

కారం గురించి ఇద్దరూ భయపడక్కర్లేదు. గుండ్రంగా తరిగి వేసే హాలపీన్యో మిరపకాయలు మన గుంటూరు మిర్చి ముందు చాలా మెత్తన, పులుపే ఎక్కువ తెలుస్తుంది. ఘాటు సాస్‌లు ఉంటే చిన్న కప్పులో పక్కన పెట్టమను. అవకాడోతో చేసే గ్వాకమోలేకి చాలాచోట్ల విడిగా డబ్బు తీసుకుంటారు, ఎంతో ముందే కనుక్కో. రంగు మారి గోధుమగా కనిపిస్తే వద్దను.

మక్క రొట్టె మడిచి లోపల కూర పెట్టిచ్చే టాకోలు మాత్రం తప్పకుండా తీసుకో. మీ నాన్న ఇన్నేళ్ళూ మక్కలు పండించిన రైతు. అవే మక్కలు మెక్సికోలో అన్నంతో సమానమని తెలిస్తే ఆయనకి ఎంత బాగుంటుందో. అక్కడ గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. దాంతో పొట్టు ఊడుతుంది, పిండి సాగి రొట్టెకి వస్తుంది. అన్నిటికన్నా గొప్ప సంగతి, గింజలో ఒంటికి అందకుండా ఉండే నియాసిన్ అనే విటమిన్ దానివల్ల అందుతుంది. ఐరోపా వాళ్ళు మక్కల్ని తీసుకెళ్ళారు గానీ ఈ సున్నం పద్ధతి తీసుకెళ్ళలేదు. మక్కల మీదే బతికిన పేదలకి అక్కడ చర్మం పగిలే పెల్లాగ్రా జబ్బు వచ్చింది. మన దక్కన్‌లో జొన్నలే ఆధారంగా బతికిన వాళ్ళలో కనిపించిన ఇదే జబ్బు మీద తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చాలా పరిశోధన చేశారు. ఇదంతా ఆయనకి తీరిగ్గా చెప్పు. మిరపకాయ కూడా ఆ వైపు నుంచే పోర్చుగీసు వాళ్ళతో మన దేశానికి వచ్చిందని చెప్తే అమ్మ నమ్మదు, అయినా చెప్పు.

కరకరలాడే టాకో చేతికి రాగానే తినేయాలి. లోపల వేసే సల్సా అనే టమాటా పచ్చడి తడికి రెండు నిమిషాల్లో మెత్తబడి విరిగిపోతుంది. చెయ్యి వంచకుండా తల వంచి కొరకమని చెప్పు. ఫోర్క్ కోసం వెతుక్కోకుండా చేత్తోనే తినాల్సింది కాబట్టి వాళ్ళకి హాయిగానే ఉంటుంది. మీ నాన్న ఇబ్బంది పడుతుంటే ముందు నువ్వు తిని చూపించు. తిన్నాక ట్రేలు మనమే తీసి పెట్టాల్సిన చోట ఆ పని అమ్మ మీదికి రానివ్వకు.

తమ్ముడికి పార్శిల్ కట్టించాలంటే టాకోలు వద్దు, నిజామాబాద్ చేరేసరికి ముద్దయిపోతాయి. చికెన్, పెరుగు క్రీము లాంటివి బస్సులో అన్ని గంటలు నిలవుండవు కూడా. ఏ మసాలా వేయని మక్క చిప్స్ ప్యాకెట్ ఒకటి కొనివ్వు. సల్సా ఇంట్లోనే టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి నిమ్మకాయ పిండితే వచ్చేస్తుంది, అమ్మ చేసిపెడుతుంది.

ఆశీస్సులతో,
అత్తయ్య