ప్రళయమా, యుగాంతమా?

ప్రశ్న: మాస్టారూ, తిత్లీ తుఫాను నాడు మా మామ్మ ‘ప్రళయం వచ్చీసింది’ అని ఏడిచింది. 2012 డిసెంబరులో టీవీల వాళ్లు ‘యుగాంతం’ అని ఊదరగొట్టారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: ఒకటి కావమ్మా. టీవీ వాళ్లది తొందర. యుగాంతమంటే ఒక యుగం తీరిపోవడం, అంతే. కలి తీరితే మళ్లీ కృతయుగం మొదలు. పురాణాల లెక్కలో కలియుగం 4,32,000 ఏళ్లు. గడిచినవి ఐదువేల చిల్లర. ఇంకా 4,26,000 ఏళ్ల పైమాటే ఉంటే, ఆ డిసెంబరులోనే ఎలా తీరిపోతుంది?

ప్రళయం సంగతి వేరు. ‘లీ’ అనే ధాతువులోంచి వచ్చింది. కరగడం, కలిసిపోవడం దాని అర్థం. ‘లయం’ అన్నా, పాటలో ‘లయ’ అన్నా అక్కడివే. పానకంలో బెల్లం ఏమవుతుంది? గడ్డ కనబడదు, తీపి ఎక్కడికీ పోదు. ప్రళయమూ అలాంటిదే. బ్రహ్మకు ఒక పగలు, అంటే 432 కోట్ల ఏళ్లు, గడిచాక లోకాలు ఆయనలో లీనమవుతాయి. తెల్లారితే మళ్లీ సృష్టి. దీన్ని నైమిత్తిక ప్రళయం అంటారు. నిత్య ప్రళయమని ఇంకొకటుంది: రోజూ ప్రాణులు పోతూ ఉండడమే అది. ఆ లెక్కన ప్రళయం రాని రోజే లేదు!

మరి మీ మామ్మ మాట తప్పా? నేననను. 2018 అక్టోబరు 11 తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసకి వరస పడిపోయి ఉన్నాయి. జీడిచెట్లు వేళ్లతో లేచిపోయాయి. ఆ వారమే నేను వజ్రపుకొత్తూరు వైపు వెళ్లాను. ఎప్పుడూ తోటల చాటునుండే ఊళ్లు దూరాన్నించే బోసిగా కనబడ్డాయి. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. దానికి ‘భారీ నష్టం’ అంటే ఆనుతుందా? ‘ప్రళయకాల రుద్రుడిలా లేచాడు’, ‘ప్రళయం వచ్చినా కదలడు’ అని రోజూ అనుకోవడం లేదూ?

ఇంకో అర్థం చాలామందికి తెలీదు. అలంకారశాస్త్రంలో సాత్త్విక భావాలు, అంటే మనసులోని భావం ఒంటిమీద తెలిసిపోయే గుర్తులు, ఎనిమిది: స్తంభం, స్వేదం, రోమాంచం... చివరిది ప్రళయం. టెక్కలిలో పాఠం చెబుతూ ‘నాయికకు ప్రళయం కలిగింది’ అన్నానో లేదో, వెనకబెంచీ కుర్రాడు లేచాడు: “ఏటి మాస్టారూ, ఆవిడికి విరహమొస్తే లోకం మునిగిపోద్దేటి?”

మూర్ఛపోయిందిరా నాయనా, అన్నాను. స్పృహ లోపలికి లీనమైపోయింది, అంతే.