కొట్టివేతలు ఉండనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. చదువులో ఎప్పుడూ ముందే ఉంటుంది. శాస్త్రవేత్తనవుతానంటుంది. సైన్సు ప్రాజెక్టు మాత్రం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చింపేసింది. ‘ఇది ముందే ఎవరో చేసేశారు, పైగా నాకు సరిగ్గా రావడం లేదు’ అని ఏడుపు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అంతా పక్కాగా ఉండాలనే పట్టుదల జబ్బేమీ కాదమ్మా. అమెరికాలో వేన్ పార్కర్ అనే పరిశోధకుడు 1997లో ప్రతిభావంతులైన ఆరో తరగతి పిల్లలను పరిశీలించి మూడు రకాలున్నారన్నారు: ఆ పట్టింపు లేనివారు, దానివల్ల బాగుపడేవారు, దానివల్ల కుంగిపోయేవారు. 2004లో మరో బృందం కాస్త పెద్ద పిల్లలను పరిశీలిస్తే నాలుగు రకాలు తేలాయి. ‘ముందే ఎవరో చేసేశారు’ అని వాళ్లు ఊరుకోలేదు, చూడండి.

అమ్మాయికి ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ సంగతి చెప్పండి. ఇతరులు అప్పటికే కొలిచిన వాయువుల సాంద్రతలనే ఆయన మళ్లీ కొలిచారు. ఒకే గాజుబుడ్డిలో గాలి నుంచి తీసిన నైట్రోజన్ సుమారు 2.31 గ్రాములు తూగింది. రసాయనాల నుంచి తీసినది 2.30 గ్రాములే. మీ అమ్మాయైతే అక్కడే కాగితం చింపేసేది! ఆయన మళ్లీ మళ్లీ తూచారు. తేడా పోలేదు. ఆ తేడాకు కారణమైన, గాలిలో దాగిన ఆర్గాన్ అనే వాయువును 1894లో విలియం రామ్సేతో కలిసి బయటపెట్టారు. 1904లో ఆయనకు భౌతికశాస్త్రంలో, రామ్సేకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చాయి.

ఈ ఆదివారం మీటరు పొడవు దారానికి ఒక గుండు కట్టి వేలాడదీయించండి. ఇరవై ఊపులకు (అటు వెళ్లి తిరిగొస్తే ఒక ఊపు) ఎంతసేపు పడుతుందో ఫోనులో చూసి రాయమనండి. దాదాపు నలభై సెకన్లు రావాలి. పదిసార్లు చేయాలి. పెన్నుతోనే రాయాలి, రబ్బరు ఇవ్వకండి. తప్పు రాస్తే అడ్డంగా ఒక గీత, పక్కన కారణం. పది అంకెలూ ఒకేలా వస్తే నాకు అనుమానమే! రెండో విడత మీరు కొలవండి, మీ అంకెలు తన అంకెల పక్కనే రాయించండి. ఇద్దరికీ తేడా ఎందుకొచ్చిందో తననే చెప్పమనండి; మీరు తొందరపడి చెప్పేయకండి.

నిద్ర, తిండి మానేసినా, బడికి వెళ్లనని మొండికేసినా మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. అది నా సలహాతో తీరేది కాదు.

ప్రాజెక్టు సంగతంటారా, ఆ పది అంకెల పేజీనే ఇమ్మనండి, కొట్టివేతలతో సహా.