పెట్టె తెరవాలా, వద్దా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. కువైట్‌లో పనిచేసే మా తమ్ముడు వారం కిందట బిల్డింగ్ పైనుంచి పడి చనిపోయాడు. తలకి దెబ్బలు తగిలాయి. బాడీ నాలుగైదు రోజుల్లో చెన్నైకి వస్తుందంటున్నారు. మా అమ్మకి 61 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. బిడ్డ ముఖం చూడాల్సిందేనంటోంది. తట్టుకోలేదు, పెట్టె తెరవకుండానే కానిచ్చేద్దామని మా పెదనాయన అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: పెదనాయన భయం అర్థమవుతోంది. కానీ అడుగుతున్నది కన్నతల్లి. ఆమెకి బదులు ఇంకొకరు ‘వద్దు’ అనడం నాకు సమ్మతం కాదు. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశీలనలో, ఇలా హఠాత్తుగా అయినవాళ్లని పోగొట్టుకున్న 80 మందితో మాట్లాడారు. చూసినవాళ్లలో ఎక్కువమంది, ఎందుకు చూశామా అనుకోలేదు. నా అనుభవమూ అదే. చూడనివ్వని తల్లి ‘పెట్టెలో ఉండింది వాడేనా?’ అని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంటుంది.

అయితే ముందు మీరో, గుండె గట్టిగా ఉన్న చుట్టమో చూడండి. శరీరం పాడవకుండా ఫార్మాలిన్ అనే మందు ఎక్కించి పంపుతారు కాబట్టి ముఖం నల్లబడి, బిగుసుకుని ఉండొచ్చు. ఘాటుకి కళ్లు మండుతాయి. ఇంట్లో కాదు, బయట పందిట్లో తెరవండి. కాసేపు గాలి ఆడాక అమ్మని తీసుకురండి. పెట్టెతో వచ్చే కాగితాల్లో తెరవొద్దని ఉంటే మాత్రం తెరవకండి.

తలకి పంచె చుట్టి ముఖం వరకే చూపించొచ్చు. ముఖం చూపేలా లేకపోతే చెయ్యి చాలు. చిన్నప్పటి గాటునో, పుట్టుమచ్చనో తల్లి ఇట్టే గుర్తుపడుతుంది. ఎలా ఉన్నాడో ముందే ఉన్నదున్నట్టు చెప్పండి. విన్నాక ఆమే వద్దంటే వద్దు. ‘ఒక్కసారి చూడు’ అని ఎవరూ లాక్కెళ్లకూడదు.

నాకు ఎక్కువ భయం ఆమె షుగర్ గురించి. చావింట పొయ్యి వెలిగించరు కదా. తినకుండా మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోయి సొమ్మసిల్లొచ్చు. అందరూ అది దుఃఖం అనుకుంటారు. పక్కింటి నుంచి రెండు ఇడ్లీలైనా తెప్పించి తినిపించి మాత్రలు వేయండి. ఏమీ తినకపోతే ఆ పూట షుగర్ మాత్ర సంగతి ఆమె డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. బీపీ మాత్ర మానొద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం అంటే 108కి చేయండి.

ముందే మత్తు సూది వేయిద్దామని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. వద్దు. మగతలో చూస్తే కడచూపు దక్కనట్టే.

కొన్నాళ్లు ఆ ముఖమే కళ్లముందు మెదులుతుంది. నెల దాటినా నిద్ర, తిండి లేకపోతే నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి. అంతదూరం వెళ్లలేకపోతే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.