పెద్ద అధికారి తప్పు చేస్తే చిన్న ఉద్యోగికి పడే శిక్ష ఎందుకు పడదు?

చట్టాలు బలహీనంగా ఉండటం వల్ల అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. విశాఖపట్నంలో ఒక రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. నేను చూసిన కారణం ఒక్కటే. చిన్న ఉద్యోగి ఏ పని చేసినా కాగితం మీద సంతకం పెట్టాలి. పెద్ద అధికారి నోటితో చెబితే చాలు. విచారణ వచ్చేనాటికి మిగిలేది కాగితమే.

మా అధికారికి ప్రభుత్వ వాహనం ఉండేది. పగలు ఆయన తిరిగేవారు, సాయంత్రం నుంచి ఆయన కుటుంబం తిరిగేది. పిల్లలను సిరిపురంలో ట్యూషన్ దగ్గర దింపాలి, శనివారం అత్తగారిని సింహాచలం తీసుకెళ్లాలి, చుట్టాలు వస్తే రుషికొండ, భీమిలి చూపించి స్టేషనులో రైలెక్కించాలి. లాగ్ బుక్కులో ప్రతి ప్రయాణానికీ మీటరు రీడింగు, వెళ్లిన చోటు, పని రాసి, వాహనం వాడినవారి సంతకం తీసుకోవాలి. ఈ ప్రయాణాలన్నిటికీ పని గడిలో ‘క్షేత్ర తనిఖీ’ అని డ్రైవరు చేతిరాత ఉండేది. సంతకం గడి ఖాళీ. అడిగితే “నెలాఖరుకు ఒకేసారి పెడతానులే” అనేవారు. ఏ నెలాఖరుకో ఎప్పుడూ చెప్పలేదు.

ఆడిట్ వారు వచ్చి డీజిల్ బిల్లులను, లాగ్ బుక్కును పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మా వాహనం మాత్రం ఆ రోజు భీమిలిలో క్షేత్ర తనిఖీ చేసి వచ్చింది! అభ్యంతరం పైకి వెళ్లింది. సంతకం లేని ప్రయాణాలకు లాగ్ బుక్కు రాసిన ఉద్యోగిదే బాధ్యత అని ఉత్తరం దిగింది. డ్రైవరుకు చార్జి మెమో, అంటే ఆరోపణలు రాసి వివరణ అడిగే నోటీసు, ఇచ్చారు. అతను నా బల్ల దగ్గరికి వచ్చి, “సార్ చెప్పారండీ, అమ్మగారు ఎక్కారండీ, నేను నడపనంటే ఊరుకుంటారా అండీ?” అన్నాడు. అదే వివరణగా రాసి ఇవ్వమన్నాను. ఇచ్చాడు. మౌఖిక ఆదేశాలకు ఆధారం లేదని ఒక్క వాక్యంతో తోసిపుచ్చారు. డీజిల్ సొమ్ము జీతంలోంచి వాయిదాల్లో రికవరీ చేసి, ఒక ఇంక్రిమెంటు ఆపేశారు. అధికారినీ వివరణ అడిగారు, అడగలేదని అనను. అది సంతృప్తికరంగా ఉందని ఫైలు మూసేశారు. కొంతకాలానికి ఆయన పదోన్నతి మీద వెళ్లిపోయారు.

వీడ్కోలు సభలో శాలువా, వెండి జ్ఞాపిక, భోజనాలు. చందాల జాబితాలో డ్రైవరు పేరూ ఉంది, అతను ఇచ్చాడు కూడా. ఈ చందాల పీడ గురించి ఎవరైనా విడిగా ప్రశ్న అడిగితే బాగుండు. నెలల తరబడి జీతం అందని తాత్కాలిక సిబ్బందినీ వదలరు. వసూలుకు ముందుండే ఉద్యోగ సంఘం నాయకులే, మెమో పట్టుకుని వెళ్లిన డ్రైవరుతో “చూద్దాం” అన్నవారు.

కేసు పెట్టడానికి ప్రభుత్వ అనుమతి కావాలి కదా, అదే అసలు అడ్డంకి అని కొందరి వాదన. కొంత నిజమే. జాయింట్ సెక్రటరీ, ఆపై స్థాయి కేంద్ర అధికారులపై అవినీతి ఆరోపణలను సీబీఐ విచారించాలంటే కేంద్రం ముందస్తు అనుమతి ఉండాలన్న నిబంధనను 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేసింది. హోదాను బట్టి వేరుగా చూడటం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. 2018లో అవినీతి నిరోధక చట్టంలో సెక్షన్ 17ఎ వచ్చింది. అధికార విధుల్లో చేసిన సిఫారసులు, నిర్ణయాల మీద విచారణకు మళ్లీ ముందస్తు అనుమతి కావాలి. ఈసారి హోదా ప్రసక్తి లేదు, అందరికీ వర్తిస్తుంది. అయితే సిఫారసులు, నిర్ణయాలు ఎవరు చేస్తారు? డ్రైవరా?

ఏమైనా, అనుమతి తర్వాతి మెట్టు. ముందు ఆధారం ఉండాలి. పై అధికారి ఆదేశం మామూలుగా రాతలో ఉండాలనీ, నోటిమాట తప్పనిసరైతే వెంటనే రాతలో ధ్రువీకరించాలనీ ఐఏఎస్, ఐపీఎస్ వంటి అఖిల భారత సర్వీసుల 1968 నాటి ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. 2013లో మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ తదితరుల కేసులో సుప్రీంకోర్టు కూడా నోటిమాటల మీద పనిచేయవద్దని అధికారులకు చెప్పింది. మంత్రి నోటిమాట నుంచి ఐఏఎస్‌కు రక్షణ దొరికింది, సంతోషం. ఆ ఐఏఎస్ నోటిమాట నుంచి జూనియర్ అసిస్టెంటును ఎవరు కాపాడతారు?

2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. ఆలయ కార్యనిర్వహణాధికారి (ఈవో)ని, ఇంజినీర్లను సస్పెండ్ చేశారు. ఈవో కూడా ఉన్నారు కదా, పెద్దవారిని వదలలేదు కదా అనవచ్చు. కానీ అధికారులు ఒత్తిడి చేసి కట్టించారని కాంట్రాక్టరు విచారణ కమిటీకి చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. పండుగ ముంచుకొస్తోంది, కానిచ్చేయండి అని ఫోనులో అన్న మాట, అభిప్రాయాలూ ఆదేశాలూ రాసే ఏ నోట్ ఫైలులో దొరుకుతుంది?

కాలం కూడా పెద్దవారి పక్షమే. ఉద్యోగి రిటైరయ్యాక, నాలుగేళ్లకు మించి పాతబడిన వ్యవహారం మీద కొత్తగా శాఖాపరమైన చర్య మొదలుపెట్టడానికి మన రాష్ట్ర పింఛను నిబంధనలు ఒప్పుకోవు. ఇది అందరికీ ఒకటే నిబంధన. కానీ డ్రైవరు మెమో కింది గది నుంచి పై గదికి వెళ్తే చాలు. పెద్ద అధికారి ఫైలు సచివాలయానికి వెళ్లాలి, సందేహాలతో తిరిగి రావాలి, మళ్లీ వెళ్లాలి. ఈలోగా ఆయన శాలువా కప్పించుకుని ఇంటికి చేరతారు.

కొత్తగా ఉద్యోగంలో చేరినవారు ఒక అలవాటు చేసుకోండి. నోటితో చెప్పిన పని చేసిన రోజే ‘తమరి మౌఖిక ఆదేశం మేరకు’ అని నోట్ ఫైలులో రాసి పైకి పంపండి. అధికారికి కోపం వస్తుంది. పాడేరుకో చింతపల్లికో బదిలీ చేయిస్తానంటారు. నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఇక్కడే. మన్యంలో ఉద్యోగాన్ని శిక్షగా చూపించడం ఏమిటి? నగరంలో పనికిరాడని తేల్చినవాణ్ని గిరిజనుల మీదికి పంపడానికి వారేం పాపం చేశారు?