మనకు నిజంగా ఎంత తెలుసో ఎలా తేల్చుకోవాలి?

"నాకు తెలియకపోవచ్చు" అని మర్యాదకు అనడం వేరు, ఏ అభిప్రాయాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలిసి ఉండడం వేరు. రెండోది సాధనతో వస్తుంది.

వాతావరణ సూచనలు ఎంత సరిగ్గా ఉన్నాయో చూడడానికి అమెరికా వాతావరణ శాస్త్రవేత్త గ్లెన్ బ్రయర్ 1950లో ప్రతిపాదించిన కొలత ఇందుకు బాగా పనికొస్తుంది. నోట్‌బుక్‌లో అంచనా, గడువు, నమ్మక శాతం రాయండి: "ఈ నెల 20లోగా పార్సిల్ వస్తుంది, 90 శాతం." జరిగితే 1, జరగకపోతే 0. మీ 0.9కీ (అంటే 90 శాతానికీ) ఆ అంకెకీ ఉన్న తేడాను వర్గం చేయండి, అంటే దాన్ని దానితోనే గుణించండి. పార్సిల్ వస్తే 0.01, రాకపోతే 0.81. ఎంత తక్కువైతే అంత మంచిది. ధీమాగా చెప్పి తప్పితే దెబ్బ ఎంత గట్టిదో చూశారుగా! అలాగని అన్నిటికీ 50 శాతం రాసి కూర్చుంటే ప్రతిసారీ 0.25 పడుతుంది. అది వినయం కాదు, తప్పించుకోవడం.

యాభై అరవై అంచనాలు పోగయ్యాక, 90 శాతం అన్నవాటిని విడిగా తీసి చూడండి. పదింట తొమ్మిది నిజమవ్వాలి. ఏడే అయితే, మీ 90ని ఇకపై 70గా చదువుకోవడమే.

చాలామంది చెడగొట్టేది గడువు దగ్గరే. "త్వరలో ధరలు పెరుగుతాయి" అని రాస్తే ఎప్పటికీ ఓడిపోరు. ఫలితం తెలిశాక శాతం దిద్దడం ఇంకో జబ్బు. అందుకే పెన్సిల్ వద్దు, పెన్నుతో రాయండి.