ఎక్స్‌పీ సెటప్‌కి హార్డ్ డిస్క్ కనబడకపోతే ముందు బయోస్ చూడండి, డ్రైవర్ సంగతి ఆ తర్వాత

మీరు చెప్పింది ఇదీ: విండోస్ విస్టాతో వచ్చిన 2007 నాటి లాప్‌టాప్. మీ పాత యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీలో తప్ప పనిచేయదు. ఎక్స్‌పీ సీడీ పెడితే హార్డ్ డిస్క్ ఏదీ దొరకలేదంటూ సెటప్ ఆగిపోతోంది. లాప్‌టాప్‌కి ఫ్లాపీ డ్రైవ్ లేదు. డిస్క్ పోయిందనుకుని కొత్తది కొందామనుకుంటున్నారు.

దయచేసి కొనకండి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచే సెట్టింగ్‌ల ప్రోగ్రామ్) డిస్క్ పేరు, సైజు సరిగ్గా కనిపిస్తున్నాయని మీరే రాశారు. డిస్క్‌కి ఏమీ కాలేదు. దాన్ని మదర్‌బోర్డుతో కలిపే కంట్రోలర్‌తో మాట్లాడటం ఎక్స్‌పీకి రాదు, అంతే. నా దగ్గరికి "డిస్క్ చచ్చిపోయింది" అంటూ వచ్చిన పాత మెషీన్లలో చాలావాటికి ఉన్న జబ్బు ఇదొక్కటే.

కారణం తెలిస్తే మిగతాదంతా తేలిక. ఎక్స్‌పీ 2001లో వచ్చింది. సాటా (డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే కొత్త పద్ధతి) 1.0ఎ స్పెసిఫికేషన్ 2003లో, ఏహెచ్‌సీఐ (సాటా కంట్రోలర్‌తో మాట్లాడే పద్ధతి) 1.0 2004లో వచ్చాయి. ఆ తర్వాత సర్వీస్ ప్యాక్‌లు వచ్చినా, 2008 నాటి ఎస్‌పీ3తో సహా, సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ (విండోస్‌కి ఆ కంట్రోలర్‌తో మాట్లాడటం నేర్పే ప్రోగ్రామ్) చేరలేదు. సీడీ నుంచి మొదటి ఫైళ్లు లోడయ్యేది బయోస్ సాయంతో. విండోస్ కెర్నల్ (విండోస్‌కి గుండెకాయ లాంటి భాగం) పగ్గాలు అందుకున్నాక బయోస్‌ని పక్కనపెట్టి సొంత డ్రైవర్‌తోనే డిస్క్‌ని వెతుక్కుంటుంది. ఆ డ్రైవర్ లేకపోతే డిస్క్ ఉన్నా లేనట్టే. కొన్ని మెషీన్లలో ఇదే తంటా చివర 7బి ఉన్న స్టాప్ కోడ్‌తో (ఎర్రర్ నంబరు) బ్లూ స్క్రీన్‌గా కనిపిస్తుంది. రెండింటికీ మందు ఒకటే.

ముందు బయోస్‌లోకి వెళ్లి సాటా మోడ్ ఏముందో చూడండి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెడుతుంది: సాటా ఆపరేషన్, సాటా కంట్రోలర్ మోడ్, సాటా నేటివ్ మోడ్, ఇలా. అక్కడ ఏహెచ్‌సీఐ ఉంటే ఐడీఈకి (ఎక్స్‌పీకి తెలిసిన పాత పద్ధతి) మార్చండి. కొన్నిచోట్ల ఐడీఈ బదులు ఏటీఏ అనో కంపాటిబుల్ అనో ఉంటుంది. సేవ్ చేసి మళ్లీ సీడీతో బూట్ చేస్తే డిస్క్ కనిపిస్తుంది, డ్రైవర్ గొడవే ఉండదు. "ఐడీఈ పెడితే స్లో అయిపోతుంది" అని చాలామంది భయపెడతారు. పోయేది ఎన్‌సీక్యూ (డిస్క్ తన పనుల్ని మెరుగైన వరసలో చేసుకోవడం), హాట్ ప్లగ్ (కంప్యూటర్ నడుస్తుండగానే డిస్క్ పెట్టడం, తీయడం). ఒకే సాఫ్ట్‌వేర్ నడిపే పాత లాప్‌టాప్‌లో ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు. మీ స్థానంలో నేనుంటే ఐడీఈ పెట్టి వదిలేస్తాను.

రెండు జాగ్రత్తలు. డిస్క్‌లో ఉన్న విస్టాని ఉంచుకోవాలనుకుంటే, మోడ్ మార్చగానే అది 7బి బ్లూ స్క్రీన్ ఇచ్చే అవకాశం ఉంది. మోడ్ వెనక్కి మారిస్తే మళ్లీ లేస్తుంది, కంగారు పడొద్దు. ఇక బయోస్‌లో రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతి) అని ఉండి ఒకటికి మించి డిస్కులు ఉన్న మెషీన్ అయితే, డేటా బ్యాకప్ తీసేదాకా ఆ సెట్టింగ్‌ని ముట్టుకోకండి.

అసలు చిక్కు ఆ ఆప్షనే లేని లాప్‌టాప్‌లతో. మీది అలాంటిదైతే ఎక్స్‌పీకి డ్రైవర్ మనమే అందించాలి. దానికి ముందు కంట్రోలర్ ఏదో ఖచ్చితంగా తెలియాలి. మోడల్ పేరు చూసి డ్రైవర్ ఎంచుకోవద్దు, ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల చిప్‌సెట్లు వస్తుంటాయి. విస్టా ఇంకా బూట్ అవుతుంటే డివైస్ మేనేజర్‌లో కంట్రోలర్ ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీలు చూడండి. వెన్ (తయారీ కంపెనీ) తర్వాత ఒక నంబరు, డెవ్ (పరికరం) తర్వాత ఒక నంబరు ఉంటాయి. 8086 అంటే ఇంటెల్. రెండోది 2829 అయితే అది ఐసీహెచ్8ఎం అనే ఇంటెల్ చిప్‌లోని ఏహెచ్‌సీఐ కంట్రోలర్, 2929 అయితే ఐసీహెచ్9ఎం. 2007 నాటి లాప్‌టాప్ కాబట్టి, ఇంటెల్ అయితే మీది 2829 కావచ్చు, అయినా చూసే నిర్ధారించుకోండి.

ఇంటెల్ అయితే, సెటప్‌లో ఎఫ్6 నొక్కి ఫ్లాపీ నుంచి ఎక్కించేందుకు ఇచ్చిన 32 బిట్ డ్రైవర్ కావాలి. కొత్త వెర్షన్లు ఎక్స్‌పీని వదిలేశాయి, పాతవే వెతకండి. లాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మీ మోడల్‌కి ఎక్స్‌పీ డ్రైవర్లు ఇంకా ఉంటే అన్నిటికన్నా అదే మంచిది.

ఫ్లాపీ ఉన్నవాళ్లకు పద్ధతి ఇది. సెటప్ మొదలవగానే నీలి తెర అడుగున ఎఫ్6 నొక్కమని ఒక లైను కొన్ని క్షణాలే కనిపిస్తుంది. నొక్కిన వెంటనే ఏమీ జరగదు. ఫైళ్లు మామూలుగా లోడవుతూనే ఉంటాయి, కాసేపటికి ఎస్ నొక్కమని అడుగుతుంది. అప్పుడు ఫ్లాపీ పెడితే కంట్రోలర్ల జాబితా వస్తుంది. అందులో పేర్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, తేడా చివర ఉన్న చిప్ పేరులోనూ, మొబైల్ అని ఉందా లేదా అన్నదానిలోనూ ఉంటుంది. ఎంటర్ కొట్టే ముందు అది చూసుకోవాలి. ఎంచుకున్నాక కూడా ఫ్లాపీ తీయకూడదు, ఫైళ్లు కాపీ చేసే దశలో సెటప్ మళ్లీ దాన్నే అడుగుతుంది. ఈ దశలో పెన్ డ్రైవ్ పనికిరాదు, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లలోనూ కొన్ని మోడళ్లనే సెటప్ గుర్తుపడుతుంది.

కాబట్టి ఫ్లాపీ లేని మీకు దారి ఎన్‌లైట్, అంటే విండోస్ సీడీలో డ్రైవర్లు చేర్చే ప్రోగ్రామ్. సీడీని ఇంకో కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి ఎన్‌లైట్‌కి చూపించండి. డ్రైవర్స్ మాత్రం టిక్ పెట్టండి, విండోస్ భాగాలు తీసేసే ఆప్షన్ల జోలికి పోకండి. డ్రైవర్ ఫైల్ ఇచ్చినప్పుడు అది రెగ్యులర్ పీఎన్‌పీ డ్రైవరా, టెక్స్ట్‌మోడ్ డ్రైవరా అని అడుగుతుంది. ఇక్కడ టెక్స్ట్‌మోడ్ ఎంచుకోవడం తప్పనిసరి. రెగ్యులర్ పెడితే డ్రైవర్ సీడీలో చేరుతుంది కానీ, డిస్క్‌ని వెతికే తొలి దశలో సెటప్ దాన్ని పట్టించుకోదు. ఎన్‌లైట్‌లో ఇంటిగ్రేట్ చేసినా పనిచేయలేదనే వాళ్లని అడిగితే ఎక్కువసార్లు ఇక్కడే తేలుతుంది.

సీడీ రాసేముందు నేను తప్పకుండా చేసే పని ఒకటుంది. ఐ386 ఫోల్డర్‌లోని టీఎక్స్‌టీసెటప్ డాట్ ఎస్ఐఎఫ్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ డెవ్ నంబరు వెతకండి. 2829 ఉన్న లైను దొరికి, దానికి ఎదురుగా ఐఏస్టోర్ (ఇంటెల్ డ్రైవర్ పేరు) అని ఉంటే డ్రైవర్ సరిగ్గా కూర్చున్నట్టే. దొరక్కపోతే ఆ సీడీ రాయడం దండగ.

డిస్క్ కొత్తగా వేసిన ఎస్‌ఎస్‌డీ అయితే ఇంకో మాట. ఎక్స్‌పీ సెటప్ మొదటి పార్టిషన్‌ని 63వ సెక్టార్ (డిస్క్‌లో డేటా రాసే చిన్న గడి) నుంచి మొదలుపెడుతుంది, ఎస్‌ఎస్‌డీకి అది పొంతన కుదరదు. పార్టిషన్‌ని ముందే విండోస్ 7 డీవీడీతోనో జీపార్టెడ్‌తోనో చేసుకుని, ఎక్స్‌పీ సెటప్‌లో దాన్నే ఎంచుకోండి.

ఐడీఈ మోడ్‌లో ఇన్‌స్టాల్ చేశాక ఎప్పుడైనా మెషీన్ మరీ ఈడ్చుకుంటూ నడిస్తే, డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ ఛానల్ చూడండి. డిస్క్ చదవడంలో టైమౌట్, సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా తప్పుగా అందడం) పోగుపడి ఆరుకి చేరిన ప్రతిసారీ ఎక్స్‌పీ స్పీడ్‌ని ఒక్కో మెట్టు తగ్గిస్తూ చివరికి పీఐఓకి (ప్రాసెసరే డేటా మోసే నిదానమైన పద్ధతి) దింపేస్తుంది. ఆ ఛానల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ డీఎంఏకి (వేగమైన పద్ధతి) వస్తుంది. పదేపదే పీఐఓకి జారుతుంటే మాత్రం అప్పుడు డిస్క్‌నీ, కనెక్టర్‌నీ అనుమానించాలి.

ముందు బయోస్ చూసి చెప్పండి. అక్కడ ఆప్షన్ లేకపోతే ఆ వెన్, డెవ్ నంబర్లు రెండూ కామెంట్‌లో రాయండి, ఏ ఎంట్రీ ఎంచుకోవాలో చెప్తాను.